తండ్రి తాకట్టు పెట్టిన కొడుకు: విలియం మార్షల్ కథ

1152వ సంవత్సరం. ఇంగ్లండ్‌లో న్యూబరీ అనే ఊరి దగ్గర ఒక కోట, దాన్ని చుట్టుముట్టి రాజు స్టీఫెన్ సైన్యం. ఆ సైన్యం మధ్యలో అయిదారేళ్ల పిల్లాడు ఒకడున్నాడు. పేరు విలియం. కోటలో ఉన్నది వాడి తండ్రి జాన్ మనుషులే. కొంత గడువిస్తే కోట అప్పగిస్తానని జాన్ రాజుకి మాటిచ్చాడు. ఆ మాటకి హామీగా కన్నకొడుకుని రాజు చేతిలో పెట్టాడు. గడువు దొరగ్గానే ఏం చేశాడో తెలుసా? కోటలోకి కొత్తగా సైనికుల్ని, తిండిగింజల్ని చేరవేశాడు. కోట వదులుకునే ఉద్దేశం అతనికి మొదట్నుంచీ లేదు.

మాట తప్పితే పిల్లాణ్ణి ఉరితీస్తామని రాజు కబురు పెట్టాడు. దానికి జాన్ పంపిన జవాబు ఎనిమిది వందల ఏళ్లయినా జనం మర్చిపోలేదు. ఇంతకన్నా మంచి కొడుకుల్ని తయారుచేసుకోవడానికి కావలసిన సుత్తీ, దాగలీ తన దగ్గర ఇంకా ఉన్నాయని చెప్పి పంపాడట. దాగలి అంటే కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ. అంటే, పోతే పోనీ, ఇంకొకణ్ణి కంటాను అని.

పిల్లాణ్ణి ఉరికంబం దగ్గరికి తీసుకెళుతుంటే, వాడికి జరగబోయేది తెలియదు. పక్కనున్న ప్రభువు చేతిలో బల్లెం బాగుందని, ఆడుకోవడానికి ఇమ్మని అడిగాడట. రాజు స్టీఫెన్‌కి మనసొప్పలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని వెనక్కి తెచ్చుకున్నాడు. కొన్నాళ్ల తర్వాత చూసినవాళ్లకి కనపడిన దృశ్యం ఏమిటంటే, గుడారంలో రాజూ ఆ పిల్లాడూ గడ్డి పరకలతో కత్తియుద్ధం ఆడుకుంటున్నారు.

ఆ పిల్లాడే పెద్దయ్యాక విలియం మార్షల్ అయ్యాడు. వరసగా నలుగురు రాజుల దగ్గర పనిచేశాడు. డెబ్భై ఏళ్ల వయసులో మొత్తం ఇంగ్లండ్‌ని తన భుజాల మీద మోశాడు. మాగ్నాకార్టా అనే పేరు ఇవాళ మనకి తెలిసిందంటే అందులో ఇతని పాలు చాలా ఉంది. తండ్రి మాటకి విలువ లేకపోవడం వల్ల చావు అంచు దాకా వెళ్లిన వాడు, జీవితమంతా ఇచ్చిన మాటనే పెట్టుబడిగా పెట్టి పైకొచ్చాడు. ఆ కథ ఇది.

ఇంటిపేరు ఎలా వచ్చింది

మార్షల్ అంటే ఇప్పుడు పెద్ద సైనిక హోదా అనుకుంటాం. పాత జర్మన్ భాషలో దాని అర్థం గుర్రాల సేవకుడు. రాజుగారి గుర్రపుశాల చూసుకునేవాడన్నమాట. క్రమంగా రాజు ఎక్కడికెళ్లినా దళాన్ని, బసని, క్రమశిక్షణని చూసే అధికారిగా ఆ పదవి ఎదిగింది. విలియం తాత గిల్బర్ట్ మొదటి హెన్రీ రాజు కొలువులో ఈ ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగం మాదంటే మాదని వేరేవాళ్లు పోటీకొస్తే, గిల్బర్ట్, అతని కొడుకు జాన్ ద్వంద్వయుద్ధం ద్వారా తీర్పు తెచ్చుకుని దాన్ని నిలబెట్టుకున్నారు. అప్పట్నుంచి అది వంశపారంపర్యమైపోయింది. ఉద్యోగం పేరే ఇంటిపేరైంది.

జాన్ సామాన్యుడు కాదు. అప్పుడు ఇంగ్లండ్‌లో స్టీఫెన్‌కీ, మొదటి హెన్రీ కూతురు మటిల్డాకీ సింహాసనం కోసం ఏళ్ల తరబడి యుద్ధం నడుస్తోంది. ప్రభువులు ఇవాళ ఒక పక్షం, రేపు ఇంకో పక్షం. జాన్ కూడా మొదట స్టీఫెన్ వైపే ఉండి తర్వాత మటిల్డా వైపు తిరిగాడు. 1141లో వెర్వెల్ అనే చోట శత్రువులు తరిమితే చర్చిలో దాక్కున్నాడు. వాళ్లు చర్చికి నిప్పు పెట్టారు. పైకప్పు మీది సీసం కరిగి కారి, జాన్ ఒక కన్ను పోయింది. అయినా లొంగలేదు, తప్పించుకున్నాడు.

అతని పెళ్లిళ్లు కూడా రాజకీయాలే. మొదటి భార్య అలీన్‌కి ఇద్దరు కొడుకులు. పక్కనే ఉన్న సాలిస్‌బరీ ప్రభువు పాట్రిక్‌తో పోరు భరించలేక, అలీన్‌ని వదిలేసి పాట్రిక్ చెల్లెలు సిబిల్‌ని చేసుకుని సంధి కుదుర్చుకున్నాడు. సిబిల్‌కి పుట్టిన కొడుకుల్లో రెండోవాడు మన విలియం. తండ్రికి నాలుగో కొడుకు. అంటే మనవాడు పుట్టడమే ఒక రాజీ ఒప్పందం వల్ల.

ఆ రోజుల్లో ఆస్తి పెద్దకొడుక్కే. నాలుగోవాడికి దక్కేది ఏమీ ఉండదు. 1165లో జాన్ చనిపోయేటప్పటికి విలియంకి ఒక్క ఎకరం కూడా రాలేదు. చర్చిలో చేరాలి, లేదా కత్తి పట్టాలి. ఇతని తమ్ముడు హెన్రీ మొదటి దారి పట్టి, తర్వాత ఎక్సెటర్‌లో బిషప్ అయ్యాడు. ఇతను రెండో దారి పట్టాడు.

తిండిపోతు ట్రైనీ

పన్నెండు, పదమూడేళ్లప్పుడు విలియంని సముద్రం దాటించి నార్మండీకి పంపారు. అక్కడ టాంకర్‌విల్ ప్రభువు తల్లి తరఫు బంధువు. అతని కోటలో ఉంటూ గుర్రపుస్వారీ, ఆయుధాలు, కొలువు మర్యాదలు నేర్చుకోవాలి. ఆరేడేళ్ల ఇంటర్న్‌షిప్ అనుకోండి, స్టైపెండ్ లేకుండా. ఆ రోజుల్లో అతనికి వచ్చిన పేరు తిండిపోతని. బాగా తింటాడు, బాగా నిద్రపోతాడు, ఇంకేం చేస్తాడో ఎవరికీ తెలీదని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. ప్రతి హాస్టల్లోనూ ఇలాంటి వాడొకడు ఉంటాడు కదా!

1166లో అతన్ని నైట్‌ని చేశారు. నైట్ అంటే గుర్రం మీద యుద్ధం చేసే కవచధారి. మొదటి యుద్ధంలోనే మనవాడు వీరోచితంగా పోరాడాడు, కానీ గుర్రం పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి విందులో ఎసెక్స్ ప్రభువు అందరి ముందూ విలియంని గుర్రపు సామాను ఏదైనా కానుకగా ఇమ్మని అడిగాడు. తన దగ్గర ఏమీ లేదని విలియం అమాయకంగా చెప్పాడు. ఇవాళ నువ్వు పడగొట్టిన వాళ్ల దగ్గర డజన్లకొద్దీ దొరికేవి కదా అని ఆ ప్రభువు అనేసరికి అందరూ పగలబడి నవ్వారు. విషయం ఏమిటంటే, ఆ కాలపు యుద్ధంలో ఎదుటివాణ్ణి చంపడం కంటే పట్టుకోవడమే లాభం. పట్టుబడినవాడి గుర్రం, కవచం గెలిచినవాడివి. విడుదలకి డబ్బు కూడా కట్టాలి. గెలుపు ఎంత ముఖ్యమో లెక్క చూసుకోవడం అంత ముఖ్యమని మనవాడికి ఆ రాత్రి అర్థమైంది. చేతిలో డబ్బు లేక, నైట్ అయిన రోజు ఇచ్చిన మంచి అంగీ అమ్ముకుని ఒక మామూలు గుర్రం కొనుక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత అతను మళ్లీ ఖాళీ చేతులతో తిరిగి రాలేదు. అప్పటి టోర్నమెంట్లు సినిమాల్లో చూపించినట్టు ఇద్దరు ఎదురెదురుగా వచ్చి పొడుచుకునే ఆట కాదు. రెండు ఊళ్ల మధ్య మైళ్ల కొద్దీ పొలాల్లో, వందలమంది జట్లుగా విడిపోయి, దాదాపు నిజమైన యుద్ధంలా ఆడేవాళ్లు. రోజే ద గాజీ అనే ఇంకో నైట్‌తో విలియం పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నాడు. వచ్చింది సగం సగం. ఏడాది కూడా తిరగకుండా ఇద్దరూ కలిసి 103 మంది నైట్లని పట్టారట. వంటశాల గుమాస్తా ఒకడు ఆ లెక్క రాసి పెట్టాడు కాబట్టి సంఖ్య ఇంత కచ్చితంగా ఉంది.

ఒకసారి ప్లూర్ అనే చోట టోర్నమెంట్ అయ్యాక, ఆ రోజు బాగా పోరాడినవాడికి బహుమతిగా ఒక పెద్ద చేప ఇవ్వాలనుకున్నారు. అందరూ విలియం పేరే చెప్పారు. కానీ మనిషి ఎక్కడా కనపడడు. వెతికి వెతికి కమ్మరి కొలిమి దగ్గర పట్టుకున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, తల దాగలి మీద పెట్టి ఉన్నాడు. దెబ్బలకి శిరస్త్రాణం సొట్టలు పడి తలకి బిగుసుకుపోయింది. కమ్మరి సుత్తితో కొట్టి కొట్టి దాన్ని ఊడదీస్తున్నాడు. తండ్రి చెప్పిన సుత్తీ దాగలీ కొడుక్కి ఇలా పనికొచ్చాయి.

మేనమామ చావు, రాణి సాయం

1168లో విలియం మేనమామ పాట్రిక్ వెంట పశ్చిమ ఫ్రాన్స్‌లోని పొయిటూ వెళ్లాడు. అక్కడ రెండో హెన్రీ భార్య ఎలినార్ రాణికి రక్షణగా వెళుతుండగా లూసినాన్ వంశం వాళ్లు దాడి చేశారు. కవచం తొడుక్కునేలోపే పాట్రిక్‌ని వెనకనుంచి పొడిచి చంపారు. విలియం ఒక కంచెకి వీపు ఆనించి ఒంటరిగా పోరాడాడు. కంచె అవతలనుంచి ఎవరో తొడలో పొడిస్తే పడిపోయాడు. బందీగా ఊళ్లు తిప్పుతూ గాయానికి కట్టు కూడా కట్టనివ్వలేదు. దయగల ఒక ఆవిడ రొట్టె లోపల శుభ్రమైన గుడ్డ దాచి పంపితే దాంతో కట్టుకున్నాడట. చివరికి ఎలినార్ రాణి డబ్బు కట్టి విడిపించి, గుర్రాలూ బట్టలూ ఇచ్చి తన కొలువులో చేర్చుకుంది.

1170లో ఆమె పెద్దకొడుకు, యువరాజు హెన్రీకి ఆయుధవిద్య నేర్పే బాధ్యత విలియంకి వచ్చింది. తండ్రి బతికుండగానే కిరీటం పెట్టించుకున్న యువరాజు ఇతను. పేరుకి రాజు, చేతిలో అధికారం లేదు. తండ్రి మీద తిరగబడ్డాడు. విలియం అతనితోనే నిలిచాడు. 1182లో కొలువులో అసూయపరులు విలియంకీ యువరాజు భార్యకీ సంబంధం అంటగట్టారు. విలియం ఆరోపించినవాళ్లని ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఎవరూ ముందుకి రాలేదు. అయినా కొలువు వదిలి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడాది యుద్ధం ముదిరాక యువరాజే మళ్లీ పిలిపించుకున్నాడు. 1183 జూన్‌లో జబ్బుపడి చనిపోతూ, జెరూసలేం యాత్రకని మొక్కుకున్న తన అంగీని తన బదులు అక్కడికి చేర్చమని విలియంని కోరాడు. చనిపోయినవాడు చూడడానికి రాడు, అడగడానికీ రాడు. అయినా విలియం వెళ్లాడు. రెండేళ్లకు పైగా పట్టింది.

కొట్టినవాడికే పట్టం

తిరిగొచ్చాక రెండో హెన్రీ అతన్ని దగ్గరికి తీసుకున్నాడు. 1189 నాటికి ఆ రాజుది దయనీయమైన స్థితి. కొడుకు రిచర్డ్, ఫ్రాన్స్ రాజు ఫిలిప్‌తో కలిసి తండ్రి మీద యుద్ధానికొచ్చాడు. జబ్బుపడ్డ రాజు లె మాన్ నగరం వదిలి పారిపోతుంటే రిచర్డ్ వెంటపడ్డాడు. వెనక కాపలాగా ఉన్న విలియం బల్లెం ఎత్తి రిచర్డ్ మీదికే వచ్చాడు. రిచర్డ్ పూర్తి కవచంలో లేడు. చివరి క్షణంలో విలియం బల్లెం దించి గుర్రాన్ని పొడిచాడు. రిచర్డ్ కిందపడ్డాడు, తరమడం ఆగిపోయింది.

జూలై 6న షినాన్‌లో రెండో హెన్రీ చనిపోయాడు. నౌకర్లు శవం మీది బట్టలు కూడా వదల్లేదు. విలియం, మరికొందరు కలిసి ఉన్నంతలో మర్యాదగా శవాన్ని ఫాంటెవ్రో మఠానికి చేర్చారు. ఇప్పుడు రాజు ఎవరు? కిందపడిన ఆ రిచర్డే. నన్ను చంపబోయావని రిచర్డ్ అంటే, చంపాలనుకుంటే బల్లేన్ని ఎటు తిప్పాలో తనకి తెలుసునని విలియం జవాబిచ్చాడు. క్షమాపణ అడగలేదు. ఓడిపోతున్న రాజుని చివరిదాకా వదలని వాడు రేపు తననీ వదలడని రిచర్డ్‌కి అర్థమై ఉండాలి. శిక్ష బదులు, ముసలి రాజు మాటిచ్చిన పెళ్లి జరిపించాడు.

పెళ్లికూతురు ఇజబెల్ ద క్లేర్. వయసు పదిహేడు దాకా ఉంటుంది. విలియంకి నలభై దాటాయి. ఆమె తండ్రి స్ట్రాంగ్‌బో అనే పేరుతో ఐర్లండ్‌ని జయించిన రిచర్డ్ ద క్లేర్. తల్లి ఈఫా, ఐర్లండ్‌లోని లీన్‌స్టర్ రాజు కూతురు. వేల్స్ సరిహద్దులో చెప్‌స్టో కోట, ఐర్లండ్‌లో లీన్‌స్టర్ అంతా ఆమె వారసత్వం. తండ్రిలేని వారసురాలి పెళ్లి ఆ రోజుల్లో రాజు చేతిలోని కానుక. ఆమె ఇష్టాయిష్టాలు అడిగినవాళ్లు లేరు. ఈ సంగతి దాచి విలియం కథ చెప్పడం న్యాయం కాదు. ఒక్క ఎకరం లేని నాలుగో కొడుకు ఆ పెళ్లితో రాజ్యంలో పెద్ద జమీందార్లలో ఒకడయ్యాడు. లీన్‌స్టర్ కూడా అక్కడివాళ్ల నుంచి కత్తితో గుంజుకున్న నేలే.

మన బ్రాంచ్‌ల వాళ్లకి నచ్చే విషయాలు రెండు చెబుతాను. చెప్‌స్టో కోటకి విలియం కట్టించిన ద్వారం తలుపులు ఇప్పటికీ ఉన్నాయి. చెక్కలోని వలయాలు లెక్కపెట్టే పద్ధతిలో పరీక్షిస్తే అవి 1190కి ఇటువైపువి కావని తేలింది. ఐరోపాలో మిగిలిన కోట తలుపుల్లో అవే అతి పాతవంటారు. 1962 దాకా అవి ద్వారానికే వేలాడాయి. ఇక ఐర్లండ్‌లో విలియం న్యూ రాస్ అనే రేవు పట్టణం పెట్టాడు. అక్కడికొచ్చే ఓడలకి దారి చూపడానికి హుక్ అనే కొన మీద లైట్‌హౌస్ కట్టించాడు. ఆ బురుజు మీద దీపం ఇవాళ్టికీ వెలుగుతోంది.

మళ్లీ తాకట్టు

1199లో రిచర్డ్ చనిపోయాక అతని తమ్ముడు జాన్ రాజు కావడానికి విలియం సాయపడ్డాడు. పట్టాభిషేకం రోజే పెంబ్రోక్ ఎర్ల్ బిరుదు దక్కింది. ఎర్ల్ అంటే అప్పటి ఇంగ్లండ్ ప్రభువుల్లో అత్యున్నత హోదా. కానీ రాజు జాన్‌కి ఎవరిమీదా నమ్మకం లేదు. 1204లో నార్మండీ ఫ్రాన్స్ రాజు చేతిలోకి పోయింది. అక్కడి తన భూముల కోసం విలియం ఆ రాజుకి కూడా విధేయత ప్రకటించాడు. జాన్‌కి మండిపోయింది. నిజం చెప్పాలంటే అందులో తప్పు పూర్తిగా జాన్‌దే అనలేం. మనవాడు విధేయుడే, కానీ తన ఆస్తి సంగతి ఎప్పుడూ మర్చిపోయే రకం కాదు.

జాన్ విలియం ఇద్దరు పెద్దకొడుకుల్ని హామీగా తన దగ్గర పెట్టుకున్నాడు. అయిదారేళ్లప్పుడు తను ఎక్కడున్నాడో, ఇప్పుడు తన పిల్లలు అక్కడున్నారు. తండ్రి లాగా మాట తప్పి కోటలు బిగించుకునే అవకాశం విలియంకీ ఉంది. తలొంచి ఊరుకున్నాడు. రాజు తనని తిరిగి రమ్మని పిలిచినప్పుడు కడుపుతో ఉన్న భార్యని ఐర్లండ్‌లో కిల్‌కెన్నీలో వదిలి వెళుతూ, అక్కడి ప్రభువుల్ని పిలిచి, ఈ నేలకి అసలు హక్కుదారు ఇజబెల్ అనీ, తనకున్నదంతా ఆమె వల్ల వచ్చిందేననీ చెప్పి, ఆమెని కాపాడమని కోరాడు. ఆ చలికాలంలో రాజు మనుషులు లీన్‌స్టర్ మీద పడ్డారు. మీ వాళ్లంతా చచ్చిపోయారట అని జాన్ విలియంతో అబద్ధం చెప్పి ముఖం ఎలా మారుతుందో చూశాడు. మీకు నష్టమే కదా ప్రభూ, వాళ్లూ మీ మనుషులే అన్నట్టు విలియం నెమ్మదిగా జవాబిచ్చాడు. తీరా తుఫాను తగ్గి ఓడలొచ్చాక తెలిసింది, ఇజబెల్ పక్షమే గెలిచి, రాజు ప్రతినిధిని పట్టుకుందని.

పది వారాల పత్రం

1215లో తిరగబడిన ప్రభువులు జాన్‌తో మాగ్నాకార్టా ఒప్పించారని స్కూల్లో అందరం చదివాం. మన రాజ్యాంగంలోని మూడో భాగాన్ని భారతదేశపు మాగ్నాకార్టా అంటారని పోటీ పరీక్షల పుస్తకాల్లో బట్టీ కూడా పట్టాం. ఆ పుస్తకాలు చెప్పనిది ఏమిటంటే, 1215 పత్రం పది వారాలకే చచ్చిపోయింది. జూన్‌లో సీలు పడితే, ఆగస్టులో పోప్ దాన్ని రద్దు చేశాడు. మళ్లీ యుద్ధం. తిరుగుబాటుదారులు ఫ్రాన్స్ రాజు కొడుకు లూయీని ఇంగ్లండ్ సింహాసనం ఎక్కమని పిలిచారు. లండన్ అతని చేతిలోకి వెళ్లింది. ఈ గొడవలో విలియం రాజు పక్షం, పెద్దకొడుకు తిరుగుబాటు పక్షం.

1216 అక్టోబర్‌లో జాన్ జబ్బుతో చనిపోయాడు. మిగిలింది తొమ్మిదేళ్ల కొడుకు మూడో హెన్రీ. ఖజానా ఖాళీ. రాజ్యంలో పెద్ద భాగం శత్రువు చేతిలో. అక్టోబర్ 28న గ్లాస్టర్‌లో హడావుడిగా పట్టాభిషేకం చేశారు. ఆ పిల్లరాజు తరఫున పాలించడానికి అందరూ చూసింది విలియం వైపే. ఆయనకి అప్పటికి దాదాపు డెబ్భై. వయసైపోయిందని మొదట వెనకాడాడు. తర్వాత, అందరూ వదిలేసినా ఈ పిల్లాణ్ణి భుజం మీద ఎక్కించుకుని దీవి నుంచి దీవికి తిరుగుతూ, అడుక్కునైనా సాకుతానని అన్నాడట. ఒకప్పుడు తొమ్మిదేళ్లు కూడా నిండని తనని ఒక రాజు ఎత్తుకుని వెనక్కి తెచ్చాడు. ఇప్పుడు ఒక పిల్లరాజుని ఎత్తుకోవడం తన వంతైంది.

ఆయన చేసిన మొదటి పెద్ద పని కత్తితో చేసింది కాదు. ఆ నవంబర్‌లోనే, ఏ మాగ్నాకార్టా కోసం ప్రభువులు తిరగబడ్డారో దాన్నే కొన్ని మార్పులతో మళ్లీ జారీ చేశాడు. పిల్లరాజుకి ఇంకా సొంత ముద్ర లేదు కాబట్టి విలియం ముద్ర, పోప్ ప్రతినిధి గ్వాలా ముద్ర వేశారు. బలవంతం మీద ఇచ్చిన హామీ ఇప్పుడు రాజు పక్షం ఇష్టపడి ఇచ్చిన మాటైంది. ఇంక తిరుగుబాటుకి కారణం ఏముంది? ఒక్కొక్కరే ఇటు రావడం మొదలైంది. వాళ్లలో విలియం పెద్దకొడుకూ ఉన్నాడు.

1217 మే 20న లింకన్ దగ్గర తేల్చుకునే యుద్ధం. తొందరలో శిరస్త్రాణం పెట్టుకోకుండానే ముసలాయన గుర్రం దూకించబోతే, కుర్ర సేవకుడు ఆపి గుర్తుచేశాడట. యుద్ధం గెలిచారు. కానీ గెలిచిన సైన్యం లింకన్ నగరాన్ని దోచింది. పారిపోబోయిన ఆడవాళ్లు, పిల్లలు పడవలు మునిగి చనిపోయారు. ఆ పాపంలో సేనాధిపతికి వాటా లేదనలేం. ఆగస్టులో శాండ్‌విచ్ దగ్గర ఫ్రెంచి ఓడల్ని ఓడించాక లూయీ దిగొచ్చాడు. అతన్ని అవమానించకుండా, 10,000 మార్కులు ఇచ్చి సాగనంపాడు విలియం. మెతకగా వదిలేశాడని అప్పుడే తిట్టినవాళ్లున్నారు. కానీ యుద్ధం ఆగింది. ఆ ఏడాదే మాగ్నాకార్టా మళ్లీ జారీ అయింది, అడవుల హక్కుల పత్రం తోడుగా. పెద్ద పత్రం అనే అర్థమొచ్చే ఆ పేరు కూడా చిన్నదైన అడవుల పత్రం నుంచి వేరుగా చెప్పడానికే అప్పుడు పుట్టింది.

చివరి లెక్కలు

1219 వసంతంలో విలియం మంచం పట్టాడు. లండన్‌లో చావడం ఇష్టంలేక థేమ్స్ నది మీద పడవలో కావెర్షం అనే తన ఊరికి వెళ్లాడు. పిల్లరాజు బాధ్యతని ఏ ఒక్క ప్రభువుకీ ఇవ్వకుండా, గొడవలు రాకూడదని, పోప్ ప్రతినిధికి అప్పగించాడు. వీలునామా రాయించాడు. ఒకరోజు పాడాలనిపిస్తోందని, పాడితే పిచ్చి పట్టిందనుకుంటారని చెప్పి, కూతుళ్లని పిలిపించి పాడించుకున్నాడు. చిన్నకూతురు జోన్ సిగ్గుపడుతుంటే ఎలా పాడాలో నేర్పాడు.

ఇంట్లో ఖరీదైన బట్టలు చాలా ఉన్నాయి, అవి అమ్మి ఆ డబ్బు ఆత్మశాంతికి దానం చేస్తే మంచిదని ఒక గుమాస్తా సలహా ఇచ్చాడు. ఆయనకి కోపమొచ్చింది. పండక్కి తన నైట్లకి ఏటా బట్టలు పెట్టడం ఆనవాయితీ. ఈసారి కూడా పెట్టాల్సిందేనని, ఒక్కటి కూడా తగ్గకూడదని చెప్పాడు. మే 14న కన్నుమూశాడు. చనిపోయే ముందు టెంప్లర్ల సంఘంలో చేరాడు కాబట్టి లండన్‌లో వాళ్ల టెంపుల్ చర్చిలోనే సమాధి చేశారు. ఆయనదని చెప్పే రాతిబొమ్మ అక్కడ ఇప్పటికీ ఉంది. 1941లో జర్మన్ బాంబుదాడిలో బాగా దెబ్బతింది.

ఇవన్నీ మనకెలా తెలుసంటారా? పెద్దకొడుకు ఒక కవి చేత పాత ఫ్రెంచిలో సుమారు 19 వేల పంక్తుల కావ్యం రాయించాడు. దాని ఒకే ఒక్క ప్రతి ఎక్కడో పడి ఉంటే, 1861లో పాల్ మేయర్ అనే ఫ్రెంచి పండితుడు వేలంపాటలో చూశాడు. కొనడానికి డబ్బు చాలలేదు. వేరేవాళ్లు కొనుక్కుపోయారు. ఇరవై ఏళ్లు వెతికి మళ్లీ పట్టుకుని అచ్చు వేయించాడు. కొడుకు డబ్బిచ్చి రాయించుకున్న కథ కాబట్టి పొగడ్తని కాస్త తగ్గించుకుని చదవాలి. కానీ ముద్రలు, ఆజ్ఞాపత్రాలు, యుద్ధాల తేదీలు బయట కూడా ఉన్నాయి.

అయిదుగురు కొడుకులు, అయిదుగురు కూతుళ్లు

విలియం, ఇజబెల్‌లకి పదిమంది పిల్లలు. అయిదుగురు కొడుకులుండగా వంశానికి ఢోకా ఏముంటుంది అనుకుంటాం. పెద్దవాడు విలియం 1231లో పోయాడు. అతని భార్య సాక్షాత్తూ రాజు చెల్లెలు, అయినా పిల్లల్లేరు. రెండోవాడు రిచర్డ్ రాజు మీద తిరగబడి 1234లో ఐర్లండ్‌లో గాయాలతో చనిపోయాడు. మూడోవాడు గిల్బర్ట్ 1241లో టోర్నమెంట్‌లో గుర్రం మీంచి పడి పోయాడు. తండ్రిని పైకి తెచ్చిన ఆటే కొడుకుని మింగింది. నాలుగు, అయిదు, వాల్టర్, ఆన్సెల్మ్, 1245 చివర్లో నెల తేడాలో పోయారు. ఒక్కరికి కూడా వారసుడు లేడు. ఐర్లండ్‌లో ఫెర్న్స్ బిషప్ భూములు లాక్కున్నందుకు ఆయన పెట్టిన శాపమని అప్పటి జనం చెప్పుకున్నారు. తండ్రి పోయిన 26 ఏళ్లకే మార్షల్ అనే ఇంటిపేరు ఆ ఇంట్లో ఆగిపోయింది.

ఆస్తి అంతా కూతుళ్లకీ వాళ్ల పిల్లలకీ వెళ్లింది. లీన్‌స్టర్ అయిదు ముక్కలైంది. పెద్దకూతురు మటిల్డాకి మార్షల్ పదవి దండం దక్కింది. ఆమె ద్వారా అది నార్‌ఫోక్ ప్రభువులకి చేరింది. ఇవాళ్టికీ నార్‌ఫోక్ డ్యూక్‌దే ఎర్ల్ మార్షల్ పదవి. 2022లో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు, 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకం నడిపించే బాధ్యత ఆ పదవిదే. టీవీలో, ఫోన్లో మనం చూసిన ఆ ఊరేగింపుల వెనక, గుర్రపుశాల చూసుకున్న గిల్బర్ట్ ఉద్యోగం ఉంది.

రెండో కూతురు ఇజబెల్ మునిమనవడు రాబర్ట్ బ్రూస్, 1314లో ఇంగ్లండ్ సైన్యాన్ని ఓడించిన స్కాట్లండ్ రాజు. ఇంకో కూతురు ఈవా బిడ్డ మార్టిమర్ ఇంటి కోడలైంది. ఆ వరసలో నాలుగో ఎడ్వర్డ్, మూడో రిచర్డ్ పుట్టారు. నాలుగో ఎడ్వర్డ్ కూతురి కొడుకే ఎనిమిదో హెన్రీ. కొడుకుల పేరు మీద వంశవృక్షం గీస్తే ఈ చెట్టు 1245లో ఎండిపోతుంది. కూతుళ్ల పేర్లు కూడా రాస్తే ఇవాళ్టి లండన్ రాజభవనం దాకా పాకుతుంది. వంశం అంటే ఎవరి పేర్లు రాయాలో అనే ప్రశ్నకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ కూతుళ్లు, మనవలు కూడా లేకపోయినా ఆయన మిగిల్చింది ఇంకొకటి ఉంది. 1225లో మూడో హెన్రీ పెద్దవాడై, తన సొంత ముద్రతో మాగ్నాకార్టాని మళ్లీ జారీ చేశాడు. చట్టాల్లోకెక్కింది ఆ పాఠమే. అందులోని కొన్ని నిబంధనలు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. చట్టం ప్రకారం తప్ప ఎవరినీ బంధించకూడదన్నది వాటిలో ఒకటి. అయిదారేళ్లప్పుడు ఏ నేరమూ చేయకుండా, ఇంకొకరు తప్పిన మాటకి ఉరికంబం దాకా నడిచిన పిల్లాడు పెద్దయ్యాక తన ముద్ర వేసి బతికించిన పత్రంలో ఉన్న మాట అది.